పై చెరువుకు మందు పెట్టిన ఏడాది

మా ఆవిడది చేపల ఉద్యోగం. ఈ మాట చెబితే మనవాళ్ళు ముందు నవ్వుతారు, ఆ తర్వాత అక్వేరియంలో పనా అని అడుగుతారు. తను నేపర్‌విల్‌లో పుట్టి పెరిగింది. తనతోపాటు ఆదివారం క్లాసుల్లో తెలుగు నేర్చుకున్న పిల్లలంతా డాక్టర్లో ఐటీ వాళ్ళో అయితే, తను చేపల మీద మాస్టర్స్ చేసి రాకీ పర్వతాల్లో ఒక చిన్న ఊళ్ళో, రాష్ట్ర చేపల శాఖలో చేరింది. నేను ఖమ్మం నుంచి ఎంఎస్‌కి వచ్చినవాణ్ణి. నా ఆఫీసు రెడ్‌మండ్‌లో, పని ఇంట్లో. ఇంటర్నెట్ ఉంటే ఏ ఊరైనా నాకొకటే కాబట్టి, పెళ్ళయ్యాక నేనే సామాను సర్దుకుని తనున్న చోటికి కాపురానికి వెళ్ళాను. "ఇల్లరికం విన్న గాని కొండలరికం ఇప్పుడే వింటున్న" అంది మా అమ్మ ఫోన్లో.

ఒక గ్యాస్ స్టేషన్, ఒక బడి, ఒక సరుకుల కొట్టు, రెండు చర్చిలు. అదీ ఊరు. మొదటి చలికాలం ఒక పొద్దున లేచి చూస్తే మా కారు లేదు. మంచు కింద ఉంది. నేను వంటింట్లో వాడే చేట లాంటి ప్లాస్టిక్ పార ఒకటి పట్టుకుని నిలబడి ఉంటే, పక్కింటి పెద్దాయన పెద్ద పార భుజాన వేసుకుని వచ్చాడు. అడగలేదు, పలకరించలేదు, తవ్వడం మొదలుపెట్టాడు. ఆయన పని చేసినన్నాళ్ళూ ఆ కొండ రోడ్ల మీద మంచు తోసే బండి నడిపాడట. డెబ్భై దాటాయి. పెళ్ళి చేసుకోలేదు. కారు బయటపడ్డాక మా ఆవిడ అలవాటు కొద్దీ "థాంక్యూ అంకుల్" అంది.

"నేను నీకు అంకుల్ ఎలా అయ్యాను?" అన్నాడాయన.

మాలో పెద్దవాళ్ళందరినీ అలాగే పిలుస్తామని తను చెప్పింది. ఆయన కాసేపు ఆలోచించి, "నాకు మేనకోడళ్ళు లేరు. సరే" అన్నాడు. ఎండాకాలం వచ్చేసరికి గ్యాస్ స్టేషన్లో కాఫీ తాగే ముసలివాళ్ళు కూడా ఆయన్ని అంకుల్ అని ఆట పట్టించడం మొదలుపెట్టారు.

చేపలు పట్టడం నాకు నేర్పింది ఆయనే. ఆ ఊరికి పైన రెండు చెరువులున్నాయి. అక్కడివాళ్ళు లోయర్ లేక్, అప్పర్ లేక్ అంటారు. ఇంట్లో మేం కింది చెరువు, పై చెరువు అనుకునేవాళ్ళం. కింది చెరువు రోడ్డు పక్కనే ఉంటుంది. ఎండాకాలంలో శాఖ వాళ్ళ ట్యాంకర్ వచ్చి, లావుపాటి గొట్టంతో రెయిన్‌బో ట్రౌట్‌లను అందులోకి వదిలి వెళ్ళేది. సిమెంటు తొట్లలో, గుళికల మేతతో పెరిగిన చేపలవి. తొట్టి గోడలకి రాసుకుని రాసుకుని వాటి రెక్కలు అరిగిపోయి ఉండేవి. శనివారం టూరిస్టులు వచ్చి మక్కజొన్న గింజ గుచ్చి వేస్తే చాలు, పట్టేసుకునేవి. వచ్చే వారం మళ్ళీ ట్యాంకర్.

పై చెరువుకు రోడ్డు లేదు. జలపాతం పక్కగా నిటారుగా ఎక్కాలి. అక్కడ ఉండేవి బ్రౌన్ ట్రౌట్. అంకుల్ వాళ్ళ తాతల కాలంలో ఎవరో కంచరగాడిదల మీద పాల క్యాన్‌లలో మోసుకొచ్చి వదిలారట. అప్పట్నుంచీ వాటికి ఎవరూ మేత వేయలేదు, ఎవరూ కొత్త చేపను కలపలేదు. అవే గుడ్లు పెట్టాయి, అవే బతికాయి. ఆ నీళ్ళని ఏడాదిలో సగం పైగా మంచు కప్పే ఉంటుంది. తిండి తక్కువ, అందుకని చేప నిదానంగా పెరుగుతుంది. మనిషి అలికిడి వింటే ఇక ఆ పూటకి కనపడదు. రాయి వెనక బోర్లా పడుకుని గాలం విసరడం నేర్చుకోవడానికే నాకు ఒక ఎండాకాలం పట్టింది.

మొదటి చేప పడ్డప్పుడు అంకుల్ నా పక్కనే ఉన్నాడు. అరచేతికి కొంచెం పెద్దది. పొట్ట పసుపు ముద్ద రంగు, వీపు తడిసిన చెట్టు బెరడు రంగు, పక్కల మీద నల్లచుక్కలు, వాటి మధ్య తెల్లటి వలయం చుట్టుకున్న ఎర్రచుక్కలు. రెక్కలు కత్తిరించినట్టు నిక్కచ్చిగా ఉన్నాయి. "చూడు, తొందరగా చూసుకో" అన్నాడాయన. చూశాక నీళ్ళలోకి వదిలించాడు. రెయిన్‌బోలనైతే ఆయన మొహమాటం లేకుండా ఇంటికి తెచ్చుకుని వెన్నలో వేయించుకునేవాడు. బ్రౌన్‌ని మాత్రం ఎప్పుడూ తేలేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర నేను ఆ చేప గురించి చాలాసేపు చెప్పాను. మా ఆవిడ ఓపిగ్గా వింది. తర్వాత, "అందంగా ఉంటుంది, కాదనను. కానీ అవి ఇక్కడివి కాదు" అంది.

"మరి ఎక్కడివి?"

"యూరప్‌వి. అవి వచ్చి ఇక్కడి చేపల్ని తినేశాయి. అసలు చేప వేరే ఉంది. చూపిస్తా, వీకెండ్ రా నాతో."

తీసుకెళ్ళింది. కారు దిగి సగం పూట నడిచాక ఒక వాగు వచ్చింది. వాగంటే పెద్ద మాట. ఒక్క అంగలో దాటొచ్చు. తను మోకాళ్ళ మీద కూర్చుని చిన్న వలతో ఒక చేపను పైకి తీసింది. గొంతు కింద రెండు ఎర్రటి గీతలు, కత్తితో గీసినట్టు. దాన్ని కట్‌త్రోట్ అంటారు. ఒకప్పుడు ఆ కొండల్లో ప్రతి వాగులోనూ అదే ఉండేదట. బ్రౌన్‌లూ బయటి నుంచి తెచ్చిన ఇంకో రెండు రకాలూ వచ్చాక మిగిలింది ఆ వాగూ, అలాంటివి మరికొన్ని. "ఒక్క ఎండాకాలం ఇది ఎండిపోయిందనుకో, అంతే" అంది తను. చేపను రెండు చేతుల్తో నీళ్ళలోకి దించి, అది రాళ్ళ కిందికి పోయేదాకా తను అక్కణ్ణుంచి లేవలేదు. ఆ చేపంటే తనకెంత ప్రాణమో ఆ రోజు తెలిసింది.

మరుసటి ఏడు మంచు కరిగే రోజుల్లో తను ఆఫీసు నుంచి వచ్చి బూట్లు కూడా విప్పకుండా వంటింట్లో కూర్చుంది.

"పై చెరువు సెలెక్ట్ అయింది" అంది.

"దేనికి?"

"కట్‌త్రోట్ పెట్టడానికి. కింద జలపాతం ఉంది కదా, వేరే చేపలు ఎక్కి రాలేవు. పర్ఫెక్ట్ ప్లేస్. ప్రాజెక్ట్ లీడ్ నేనే."

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. "మరి బ్రౌన్‌లు?"

తను వంగి బూటు లేసులు విప్పుకుంది. చెరువుకు మందు పెడతారు. ఒక్క చేప కూడా మిగలకుండా చంపి, నీళ్ళు తేరుకున్నాక కట్‌త్రోట్ పిల్లల్ని వదులుతారు.

"అంకుల్‌కి ఎవరు చెప్తరు?" అన్నాను.

"నేనే చెప్తా. మీటింగ్‌లో వినకూడదు ఆయన."

ఇద్దరం వెళ్ళాం. ఆయన గరాజ్‌లో ఏదో మోటారు విప్పుకుంటున్నాడు. తను ఏమీ దాచకుండా మొత్తం చెప్పింది. ఆయన చేతులు తుడుచుకుంటూ విన్నాడు.

"ఎప్పుడు?"

"ఎండాకాలం చివర్లో."

"వాటికి ఎలా ఉంటుంది?"

"ఊపిరి ఆడదు అంకుల్. నీళ్ళలో ఉన్న ఆక్సిజన్‌ని వాటి ఒళ్ళు వాడుకోలేకపోతుంది."

"ఎంతసేపు?"

"చిన్నవాటికి తొందరగా అయిపోతుంది. పెద్దవాటికి టైమ్ పడుతుంది."

ఆయన తల ఊపాడు. "నిజం చెప్పావు. సంతోషం" అని మళ్ళీ మోటారు మీదికి వంగాడు. ఆ తర్వాత బడిలో జరిగిన మీటింగ్‌లో ఊళ్ళోవాళ్ళు మైకు దగ్గర నిలబడి మా ఆవిణ్ణి నానా మాటలూ అన్నారు. ఒకడైతే, "ఎక్కడెక్కణ్ణుంచో వచ్చి, ఏది ఇక్కడిదో ఏది కాదో మాకు చెబుతున్నావా?" అన్నాడు. తను పుట్టింది ఈ దేశంలోనే అని చెప్పలేదు. స్లైడ్ మార్చింది. అంకుల్ చివరి వరుసలో కూర్చుని మొత్తం విని, మైకు దగ్గరకు రాకుండానే వెళ్ళిపోయాడు.

ఆ ఎండాకాలమంతా ఆయన నన్ను పై చెరువుకు పిలవలేదు. ఒక్కడే వెళ్ళొచ్చేవాడు.

మందు పెట్టే రోజు మనుషులు తక్కువైతే నేనూ వాలంటీరుగా వెళ్ళాను. ఏదో చిక్కుడు జాతి తీగ వేర్ల నుంచి తీసే మందు అది. మా ఖమ్మం ఏజెన్సీలోనూ కోయవాళ్ళు ఏవో కాయలు దంచి మడుగుల్లో కలిపి చేపలు పడతారని చిన్నప్పుడు విన్నాను. అది తినడానికి. హెలికాప్టర్ పీపాలను దించింది. రబ్బరు పడవలో ఇద్దరు మందు పోసుకుంటూ తిరిగారు. నీళ్ళు బియ్యం కడిగినట్టు తెల్లబడి మళ్ళీ మామూలయ్యాయి. మాలో కొందరం వీపుకి స్ప్రేయర్లు తగిలించుకుని గట్టు వెంట, గడ్డి దుబ్బుల్లో, చిన్న చిన్న ఊటల్లో కొట్టుకుంటూ పోయాం. కింద జలపాతం దగ్గర, మందు ఊరి వైపు పోకుండా దాని విషం విరిచేందుకు పొటాషియం పర్మాంగనేట్ కలుపుతున్నారు. మన ఇళ్ళలో ద్రాక్షపళ్ళు కడిగేదే. వాగంతా వంకాయ రంగులో పారింది.

మందు పని చేస్తోందో లేదో చూడటానికి చెరువులో అక్కడక్కడ తీగ బోనుల్లో బతికున్న చేపల్ని వేలాడదీశారు. మా ఆవిడ చేతిలో గడియారంతో ఒక బోను దగ్గర కూర్చుంది. ముందు అవి బోనంతా తిరిగాయి. తర్వాత పక్కకు ఒరిగాయి. తను ఏదో రాసుకుని ఇంకో బోను దగ్గరకు వెళ్ళింది.

మధ్యాహ్నానికి చెరువులో దాక్కున్నవన్నీ పైకి వచ్చాయి. ముందు వేలెడంత పిల్లలు గట్టు పొడుగునా తేలాయి. తర్వాత మధ్యరకంవి నోళ్ళు తెరుచుకుని గట్టు మీదికి ఎగబాకడానికి చూశాయి. ఆ చెరువులో అన్ని చేపలున్నాయని నాకు తెలియదు. ఎన్ని వారాలు రాయి వెనక పడుకున్నా నాలుగో అయిదో కనిపించేవి. వలతో ఎత్తి గోనెసంచుల్లో వేస్తుంటే నా చేతులకి జిగురు పట్టింది, వాసన పట్టింది. పక్కనున్న కుర్ర వాలంటీర్లు మొదట్లో సైజులు కొలిచి ఫొటోలు తీసుకున్నారు. కాసేపటికి వాళ్ళూ ఫోన్లు జేబుల్లో పెట్టేసుకున్నారు.

అంకుల్ ఎప్పుడొచ్చాడో నేను చూడలేదు. వలా సంచీ ఏమీ లేవు. గట్టున నిలబడి చూస్తున్నాడు. లోతు నుంచి ఒక పెద్ద చేప పైకి వచ్చింది. మోచేతి పొడుగు, కింది దవడ కొక్కెంలా వంకర తిరిగిన ముసలి మగచేప. అది ఒరిగిపోవడం, మళ్ళీ నిటారవడం, మళ్ళీ ఒరగడం. ఆయన ప్యాంటుతోనే నడుం లోతు నీళ్ళలోకి దిగి, రెండు చేతులూ దాని పొట్ట కింద పెట్టి నిలబెట్టాడు. గాలం నుంచి విడిపించిన చేపకి సత్తువ వచ్చేదాకా అలాగే పట్టుకుంటారు. దీనికి రాదని ఆయనకీ తెలుసు. అయినా అది కదలడం ఆగేదాకా వదల్లేదు. మా ఆవిడ అటు చూసి, నీళ్ళలోకి మనుషులు దిగకూడదు అని చెప్పాల్సింది, చెప్పలేదు.

ఇంటికొచ్చాక తను చాలాసేపు స్నానం చేసింది. నేను పప్పన్నం కలిపి ఇస్తే రెండు ముద్దలు తిని, "నువ్వు నన్ను ఏమన్నా అను, పర్లేదు" అంది. నేను ఇంకో ముద్ద కలిపి తన ముందు పెట్టాను.

మరుసటి ఎండాకాలం కట్‌త్రోట్ పిల్లల్ని వదిలారు. నీళ్ళూ ఆక్సిజనూ నింపిన ప్లాస్టిక్ సంచీని తను స్వయంగా వీపున వేసుకుని జలపాతం పక్కన ఎక్కింది. సంచీని చెరువులో తేలేసి, లోపలి నీళ్ళూ బయటి నీళ్ళూ ఒకే చల్లదనానికి వచ్చేదాకా ఆగి, మూతి విప్పింది. అగ్గిపుల్లలంత పిల్లలు. బయటికి రావడానికి కాసేపు జంకి, తర్వాత గుంపుగా జారిపోయాయి. తను గట్టు మీద కూర్చుని ఏడ్చింది. ఆ ఊళ్ళో మేమున్నన్నాళ్ళలో తను అంత సంతోషంగా ఉండటం నేను చూసింది ఆ ఒక్క రోజే. ఊళ్ళోవాళ్ళు అప్పటికి మాతో మాటలు బాగా తగ్గించేశారు. మా పోస్టుబాక్సులో ఎవరో రెండుసార్లు చచ్చిన చేపను పెట్టి వెళ్ళారు. అంకుల్ మాత్రం మామూలుగానే ఉండేవాడు. మంచు పడితే పారతో వచ్చేవాడు.

ఆ పై ఏడు ఎలా పెరుగుతున్నాయో చూద్దామని పై చెరువులో వలలు వేశారు. పొద్దున వల లాగితే నాలుగు చేపలు పడ్డాయి. నాలుగూ బ్రౌన్‌లే. మా ఆవిడ ఒకదాన్ని రాతి మీద పెట్టి పొట్ట కోసింది. లోపల సగం అరిగిన కట్‌త్రోట్ పిల్లలు. ఇంటికొచ్చి నాకు ఈ సంగతి చెబుతున్నప్పుడు తన గొంతులో కోపం లేదు, ఒట్టి అలసట.

"మందు తప్పించుకున్నయా?" అన్నాను.

"కాదు. అన్నీ ఒకే సైజు, పెద్దవి. ఎవరో తెచ్చి వేశారు."

ఆ మాట వినగానే నాలో ఏదో తేలికైంది. అవి బతికే ఉన్నాయి అనుకున్నాను. ఎదురుగా తను అలా కూర్చుని ఉంటే ఆ సంతోషాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, లేచి కాఫీ పెట్టాను.

ఆ ఆదివారం మధ్యాహ్నం అంకుల్ మా తలుపు కొట్టాడు. ఉతికిన చొక్కా వేసుకుని, టోపీ చేత్తో పట్టుకుని ఉన్నాడు. వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టాను. నేను పోసిచ్చిన కాఫీ ముట్టుకోలేదు.

"వలలో పడ్డాయని విన్నాను" అన్నాడు మా ఆవిడతో. "వేసింది నేనే. ఇంకెవరి నోటి నుంచో వినేకంటే నేనే చెబుదామని వచ్చాను."

తను ఆయన వైపే చూస్తూ, "ఎక్కణ్ణుంచి తెచ్చారు?" అంది.

"అక్కణ్ణుంచే. మీరు మందు పెట్టకముందు, ఆ ఎండాకాలం కొన్నిటిని పట్టి దించాను. మా చెల్లెలి పొలంలో ఊట కుంట ఉంది, అందులో ఉంచాను. చాలా పోయాయి. మిగిలినవాటిని పోయిన ఏడు మంచు కరగ్గానే పైకి మోశాను."

"ఎందుకు చేశారు అంకుల్? నాకు ఎంత పని, ఎంత..." తెలుగులో నా వైపు తిరిగి, "నాకు చెప్పకుండా ఉండాల్సింది ఆయన" అంది. మళ్ళీ ఆయనతో, "మీరు నాకు చెప్పారు. ఇప్పుడు నేను రిపోర్ట్ చెయ్యాలి. మీకు తెలుసా?"

"తెలుసు."

"ఆ చేపలు మా పిల్లల్ని తినేశాయి."

"తింటాయి. చేపలు కదా." టోపీ బల్ల మీద పెట్టి అన్నాడు: "మీటింగ్‌లో నువ్వు చూపించావే, ఆ గీతల చేప. మంచి చేప. నేను కాదనలేదు. కానీ ఆ చలికాలం ఒక రోజు పైకి వెళ్ళాను. మంచుకి బెజ్జం చేసి చూస్తే కింద ఒక్కటి లేదు. నేను పుట్టాక ఆ చెరువు ఖాళీగా ఉండటం చూడలేదు. ఉండలేకపోయాను. అంతకంటే గొప్ప కారణం ఏమీ లేదు."

ఆయన వెళ్ళాక తను చాలాసేపు బల్ల దగ్గరే ఉండిపోయింది.

"చెప్పకుంటే ఏమైతది?" అన్నాను.

"ఏం కాదు. చెరువు మళ్ళీ బ్రౌన్‌లతో నిండుతుంది. ఆ చిన్న వాగు ఒక రోజు ఎండిపోతుంది. అంతే."

"పెద్దమనిషి. మనకి ఎవరూ లేనప్పుడు వచ్చిండు."

"నాకు తెలీదా?" అంది తను. "నీకంటే ముందు నేనే అంకుల్ అన్నాను."

సోమవారం రిపోర్ట్ చేసింది. ఆయన దేనికీ అడ్డు చెప్పలేదు, లాయర్ని పెట్టుకోలేదు. జడ్జి ముందు నిలబడి ఒప్పుకున్నాడు. జరిమానా వేశారు. ఇక బతికున్నంత కాలం చేపలు పట్టడానికి లైసెన్సు లేదన్నారు. శాఖ వాళ్ళు ఆయన చెల్లెలి పొలానికి వెళ్ళి, ఆ ఊట కుంటలో ఇంకా ఏమైనా మిగిలాయేమోనని దానికీ మందు పెట్టి వచ్చారు. ఆ పనికి మా ఆవిణ్ణి పంపలేదు గానీ కాగితం మీద సంతకం తనదే.

ఆ చలికాలం మంచు మేమే తవ్వుకున్నాం. ఆయన మమ్మల్ని చూస్తే తల ఊపేవాడు. తిట్టలేదు, మొహం తిప్పుకోలేదు. పార పట్టుకుని రాలేదు, అంతే. మా ఆవిడ ఒకసారి పులిహోర డబ్బాతో వాళ్ళింటికి వెళ్ళింది. ఆయన తలుపు తీసి డబ్బా తీసుకుని, థాంక్స్ చెప్పి, తలుపు వేసుకున్నాడు. ఎండాకాలం మొదట్లో సరుకుల కొట్టు ముందు, తన పికప్‌లో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. గుండె. పక్క సీట్లో బ్రెడ్డూ పాలూ ఉన్నాయట.

ఆయన అంత్యక్రియలకి చర్చికి ఇద్దరం వెళ్ళాం. తను వద్దంటుందేమో అనుకున్నాను గానీ ముందు తయారైంది తనే. చివరి వరుసలో కూర్చున్నాం. అయిపోయి బయటికి వస్తుంటే ఆయన చెల్లెలు మా దగ్గరకు వచ్చింది. సన్నగా, పొడుగ్గా, ఆయనలాగే ఉంది.

"మా అన్న నీ గురించి చెడ్డగా ఒక్క మాట అనలేదు" అంది మా ఆవిడతో. "నన్నూ అననివ్వలేదు. ఇప్పుడు ఆయన లేడు కాబట్టి చెబుతున్నాను. మా కుంటలో కప్పలు కూడా బతకలేదు. నువ్వు మళ్ళీ మా గడప వైపు రావద్దు."

"రాను" అంది మా ఆవిడ.

సెప్టెంబరులో పై చెరువుకు రెండోసారి మందు పెట్టారు. ఈసారి నేను వెళ్ళలేదు. తను వెళ్ళింది, లీడ్ కదా. తేలినవి తక్కువే, గోనెసంచి సగం కూడా నిండలేదని చెప్పింది. ఆ తర్వాత ఒక పీపా మందు విషం విరగకుండానే వాగులోకి జారిపోయి, జలపాతం కింద కొంత దూరం చేపలన్నీ చచ్చాయి. అది తన టీం పొరపాటు కాదని విచారణలో తేలింది. తేలినా ఊరికి దానితో పని లేదు.

వదలాల్సిన కట్‌త్రోట్ పిల్లలు ఆ చలికాలం పిల్లల్ని పెంచే హాచరీలో ఏదో జబ్బు తగిలి పోయాయి. మళ్ళీ గుడ్లు సేకరించి పెంచాలంటే ఏళ్ళు పడుతుంది; ప్రాజెక్టుకి ఇక ఫండింగ్ లేదన్నారు. ఊళ్ళోవాళ్ళు మాకు చేపలేవీ అని గొడవ చేస్తున్నారు. ఒక రోజు తనకి ఆఫీసు నుంచి ఈమెయిల్ వచ్చింది. ప్రస్తుతానికి పై చెరువులో రెయిన్‌బోలు వేస్తున్నాం, గుడ్లు పెట్టని రకం కాబట్టి నష్టమేమీ లేదు, తర్వాత చూద్దాం అని. హెలికాప్టర్‌లో తెచ్చి వేశారు.

జులైలో ఇద్దరం పైకి ఎక్కాం. ఎందుకని తనని నేను అడగలేదు. గట్టు మీదికి వెళ్ళి నిలబడగానే నీళ్ళలో కలకలం రేగింది. రెయిన్‌బోలు మా వైపు వచ్చేశాయి. మనిషి నీడ పడితే మేత పడుతుందని తొట్లలో నేర్చుకున్న అలవాటు. పదులకొద్దీ వచ్చి మా కాళ్ళ ముందు, లోతు లేని నీళ్ళలో, అరిగిన రెక్కలతో ఒకదాని మీద ఒకటి పడుతూ నోళ్ళు తెరిచాయి. తను చప్పట్లు కొట్టి తరిమింది. చెదిరి మళ్ళీ వచ్చాయి. రాయి తీసుకుని విసిరింది. రాయి పడ్డచోటికే అన్నీ పరుగెత్తాయి. తను ఇంకో రాయి తీసుకుని, దాన్ని కాసేపు చేతిలో పట్టుకుని, కింద పెట్టేసింది.

"ఇక పోదాం" అంది. ఊరి నుంచి పోవడం గురించని నాకు దిగేటప్పుడు అర్థమైంది.

ఇప్పుడు నేపర్‌విల్‌లో ఉంటున్నాం, తన అమ్మానాన్నల ఇంటికి పది నిమిషాల దూరంలో. తను ఒక హాస్పిటల్ కంపెనీకి డేటా పని చేస్తుంది. పొద్దున్నే రైలెక్కి సిటీకి వెళ్ళి సాయంత్రం రైల్లో వస్తుంది. బాగా సంపాదిస్తుంది. ఆ కొండల గురించి మా మధ్య మాటలు రావు. నేను తేను, తను తేదు. గాలం కర్ర గరాజ్‌లో ఎక్కడో ఉంది.

మొన్న ఎవరి ఇంట్లోనో సత్యనారాయణ వ్రతం. ప్రసాదాలయ్యాక ఒక ఆంటీ, "నువ్వు ముందు ఎక్కడో కొండల్లో జాబ్ చేశావట కదమ్మా, అక్కడ ఏం చేసేదానివి?" అని అడిగింది.

తను కాగితం ప్లేటు మడిచి పట్టుకుని ఉంది. "ఫిష్ పెంచేదాన్ని ఆంటీ" అంది.

"అయ్యో, ఆ వాసన ఎలా భరించావమ్మా?" అని ఆవిడ నవ్వింది. తనూ నవ్వింది. తర్వాత ఇద్దరూ స్కూళ్ళ గురించి మాట్లాడుకున్నారు.